ఫైల్లో లేని చుక్క

నేనేం పని చేస్తానని సాహిత్యం చదివే స్నేహితులు అడిగితే చాలాకాలం మాట మార్చేసేవాణ్ణి. ఏ యాప్ పేరో చెప్పగలిగితే వాళ్లు ఇంకో ప్రశ్నయినా వేస్తారు. "పాత మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లలో ఉన్న అంకెల్ని ఇవాళ్టి కంప్యూటర్లు చదువుకునేలా మార్చిపెడతాను" అంటే మాత్రం మర్యాదకి తలూపి, "సరేగానీ, ఈమధ్య ఏం చదివావు?" అంటారు. రెండూ దాదాపు ఒకటే ప్రశ్న అని నాకు మెల్లిమెల్లిగా అర్థమైంది. ఆఫీసులో చేసేదీ చదవడమే. పైగా అది కవిత్వం కంటే మొండి పాఠం. కవిత అర్థం కాకపోతే కాలేదని తెలుస్తుంది. అంకె తప్పుగా అర్థమైనా, సరిగ్గా అర్థమైనట్టే కనిపిస్తుంది.

మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ దశాబ్దాలుగా నడుపుకొస్తున్న పెద్ద యంత్రం. ఐబీఎం వాళ్లు 1964లో సిస్టమ్/360 అని ఒకదాన్ని ప్రకటించారు. దాని మనవలూ మునిమనవలూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటి మీద నడిచే ప్రోగ్రాములు చాలావరకు కోబాల్‌లో రాసినవి. 1990ల చివర్లో అమీర్‌పేటలో ఎటు చూసినా కోబాల్ కోర్సుల బోర్డులే ఉండేవని మా సీనియర్లు చెప్తారు. రెండంకెల్లో దాచుకున్న సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడానికి మనవాళ్లు బోలెడుమంది విమానమెక్కారు. ఒక ఫీల్డు వెడల్పు చాలకపోవడం వల్ల మన ఊళ్లలో కొన్ని మేడలు లేచాయన్నమాట.

ఈ యంత్రాల్లోంచి వచ్చే ఫ్లాట్ ఫైల్ పేరుకి తగ్గట్టే చదునుగా ఉంటుంది. ఎక్సెల్‌లోలా గళ్లుండవు, పైన శీర్షికలుండవు, ఒక విలువకీ ఇంకో విలువకీ మధ్య కామాలుండవు. ఒక్కో వరస ఒక్కో మనిషి. మొదటి పది స్థానాలు పాలసీ నంబరు, తర్వాతి ముప్పై పేరు, ఆ తర్వాతి ఎనిమిది పుట్టిన తేదీ, ఆ పైన తొమ్మిది స్థానాల్లో ప్రీమియం. ఈ సంగతి ఫైల్లో ఎక్కడా రాసి ఉండదు. కాపీబుక్ అని వేరే కాగితం ఉంటుంది, అందులో ఉంటుంది. కాపీబుక్ లేకుండా ఫైల్ ఒక్కటే చేతికొస్తే, శాసనం దొరికి లిపి తెలియనట్టే.

ఆ కాపీబుక్‌లో ప్రీమియం ఫీల్డుని "ఎస్9(7)వి99" అని వర్ణిస్తారు. ఎస్ అంటే ప్లస్సో మైనస్సో ఒక గుర్తు ఉంటుందని. 9(7) అంటే ఏడంకెలు. చివరి 99 అంటే ఇంకో రెండంకెలు. మధ్యలో ఉన్న వి దశాంశ బిందువు. నాకు ఇష్టమైనది ఈ వి. ఎందుకంటే ఆ చుక్క ఫైల్లో ఉండదు. అక్కడ ఉందని అనుకోవాలంతే. ఫైల్లో 000012550 అని ఉంటే నూట ఇరవై అయిదు రూపాయల యాభై పైసలని చదువుకోవాలి. కాపీబుక్‌లో వి ఒక స్థానం ఎడమకి జరిగితే అవే అంకెలు పన్నెండు రూపాయల యాభై అయిదు పైసలు. వి అసలే లేకపోతే పన్నెండువేల అయిదొందల యాభై. ఫైల్లో ఒక్క బైటు మారలేదు, మనిషి కట్టాల్సిన డబ్బు మాత్రం మారిపోయింది.

మనకిదేం కొత్త కాదు. ఊళ్లో స్థలం చూడ్డానికి వెళ్తే "ఎంత చెప్తున్నారు?" అని అడుగుతాం. "నలభై" అంటారు. నలభై రూపాయలు కాదనీ, నలభై వేలూ కాదనీ ఇద్దరికీ తెలుసు. ఆ వి ఇద్దరి బుర్రల్లోనూ ఒకే చోట ఉంది కాబట్టి బేరం సాగుతుంది. ఇద్దరిలో ఒకరికే తెలిస్తే దాన్ని బేరం అనలేం.

*

చుక్క తర్వాత గుర్తు. మైనస్‌ని ఎక్కడ పెట్టాలి? పంచ్ కార్డుల కాలంలో ఒక కార్డుకి 80 నిలువు గడులు. మనిషి వివరాలన్నీ ఆ ఎనభైలో ఇరికించాలి. మైనస్ కోసం ఒక గడి వృథా చెయ్యడం ఇష్టంలేక, చివరి అంకె ఉన్న గడిలోనే పైన ఇంకో రంధ్రం కొట్టేవారు. కార్డులు పోయాయి, అలవాటు పోలేదు. ఇప్పటికీ మైనస్ 12345ని మెయిన్‌ఫ్రేమ్ ఫైల్లో చూస్తే 1234 పక్కన ఇంగ్లీషు అక్షరం ఎన్ కనిపిస్తుంది. ఆ ఎన్ లోపల అయిదూ ఉంది, అప్పూ ఉంది. అదే ప్లస్ అయితే అక్కడ ఇ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అంకెల మధ్య అక్షరం చూసి, డేటా పాడైందనుకుని దాన్ని తీసేస్తారు. తీసేస్తే చివరి అంకె పోతుంది, అప్పు కూడా పోతుంది.

ఇంకో పద్ధతి ప్యాక్డ్ డెసిమల్. కోబాల్‌లో కాంప్-3 అంటారు. ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుక్కి, చివరి అర బైటులో గుర్తు పెడతారు. హెక్సాడెసిమల్‌లో సి ఉంటే ప్లస్, డి ఉంటే మైనస్. సి అంటే క్రెడిట్, డి అంటే డెబిట్ అని మేం గుర్తుపెట్టుకుంటాం. ఇందాకటి తొమ్మిదంకెల ప్రీమియం అయిదు బైట్లలో సర్దుకుంటుంది. కంటికి మాత్రం ఏమీ కనపడదు. ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు, ఖాళీలు.

దీంతో జరిగే ప్రమాదాల్లో ఒకటి చెప్తాను. మెయిన్‌ఫ్రేమ్ వాడే అక్షరమాల ఎబ్సిడిక్. మనం వాడేది ఆస్కీ. ఖాళీ జాగాకి ఎబ్సిడిక్‌లో సంకేతం హెక్స్ 40, ఆస్కీలో హెక్స్ 20. ఇప్పుడు 400 అనే సంఖ్యని ప్యాక్ చేస్తే 00, 40, 0సి అని మూడు బైట్లవుతుంది. ఈ ఫైల్ని ఎవరో మామూలు టెక్స్ట్ అనుకుని పంపారనుకోండి. దారిలో అక్షరాలు మార్చే ప్రోగ్రాము మధ్యలో ఉన్న 40ని ఖాళీ జాగా అనుకుంటుంది. చక్కగా దాన్ని 20 చేస్తుంది. అటూ ఇటూ ఉన్న రెండు బైట్లకీ రెండు అక్షరమాలల్లోనూ సంకేతం ఒకటే కాబట్టి అవి మారవు. ఇవతల తెరిచి చదివితే 200. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నాలుగొందలు రెండొందలైంది. రెండొందలు కూడా చూడ్డానికి మర్యాదస్తుడైన సంఖ్యే కదా, ఎవరికీ అనుమానం రాదు.

నేను విమర్శ రాసేటప్పుడు దీన్ని తరచూ తలుచుకుంటాను. అనువాదంలో అర్థం కాని వాక్యం వస్తే సంపాదకుడు పట్టుకుంటాడు. హాయిగా అర్థమయ్యే తప్పు వాక్యం అచ్చయిపోతుంది.

*

ఏ వైపు నుంచి చదవాలన్నది ఇంకో తగాదా. రెండు బైట్లలో 01, 00 అని ఉంటే మెయిన్‌ఫ్రేమ్ 256 అంటుంది. నా ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్ 1 అంటుంది. మెయిన్‌ఫ్రేమ్ పెద్ద స్థానం నుంచి మొదలుపెడుతుంది, ఇంటెల్ చిన్న స్థానం నుంచి.

మన శాసనాలు చదివినవాళ్లకి ఈ తగాదా తెలిసిందే. సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా మాటల్లో చెప్పే భూతసంఖ్యల పద్ధతిలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది. అంకెలు ఎడమకి నడుస్తాయని పాత సూత్రం. "వేద నేత్ర బాణ చంద్ర" అని ఉంటే నాలుగు, రెండు, అయిదు, ఒకటి అని విని, తిరగేసి 1524 అని రాసుకోవాలి. అంటే మన శాసన కవులు ఇంటెల్ పక్షం. కాపీబుక్ అవసరం ఇక్కడా ఉంది. సముద్రాలు నాలుగా, ఏడా? రసాలు రుచులైతే ఆరు, అలంకారశాస్త్రమైతే తొమ్మిది. సంప్రదాయంలో రస అంటే ఎక్కువగా ఆరే, కానీ ఆ సంగతి శాసనంలో రాసి ఉండదు. విశాఖపట్నం తామ్రశాసనాల్లో అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకాన్ని నంద, రంధ్ర, గ్రహ అన్న మూడు మాటల్లో చెప్పారు. నందులు తొమ్మిదిమంది, ఒంట్లో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. శక సంవత్సరం 999, అంటే క్రీస్తుశకం 1078. ఎటునుంచి చదివినా ఒకటే. ఫైళ్లన్నీ ఇలాగే ఉంటే నాకు ఉద్యోగం ఉండేది కాదు.

*

మా అమ్మ అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరుగా పనిచేసింది. రిటైరయ్యాక కూడా అక్కడే అద్దె ఇంట్లో ఉండిపోయింది. నేను ఇంటినుంచి పని చెయ్యడం మొదలయ్యాక ఏడాదిలో కొన్ని నెలలు అక్కడే ఉంటున్నాను. మాకు అక్కడ సొంత ఇల్లు ఉండదు, కొనుక్కుందామన్నా కుదరదు. మేం గిరిజనేతరులం, అది షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకుండా ఆపే చట్టాన్ని ఏజెన్సీలో అందరూ వన్ సెవెంటీ అంటారు. కాగితం మీద 1/70 అని రాస్తారు. 1959 నాటి రెగ్యులేషన్‌ని సవరిస్తూ వచ్చిన 1970 సంవత్సరపు ఒకటో రెగ్యులేషన్ అని దానర్థం. ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ 1/70ని క్యాలిక్యులేటర్‌కిస్తే 0.0142 అని ఏదో చెప్తుంది. ఎక్సెల్ గడిలో కొడితే చాలావరకు జనవరి 1970 అనే తేదీ చేసేస్తుంది. యూనిక్స్ కంప్యూటర్లు కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టేది కూడా 1970 జనవరి 1 నుంచే, అది వేరే సంగతి. అక్కడి మనిషికి మాత్రం ఈ గుర్తు భిన్నమూ కాదు, తేదీ కూడా కాదు. తన కాళ్లకింది నేల తనదిగా ఉండటానికి ఉన్న అడ్డుగోడ.

సంతకి వెళ్లినప్పుడు నాకు ఆఫీసు గుర్తొస్తుంది. చింతపండు, పసుపు, రాజ్‌మా, కొండచీపుళ్లు, అడ్డాకులు. కొన్ని కాటా మీద, కొన్ని కొలతతో. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కుంచం దాకా అన్నీ రెండ్లూ నాలుగులే. లెక్కేస్తే కుంచానికి సరిగ్గా 64 గిద్దలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి కూడా 16 అణాలు, 64 పైసలు. సగం, సగంలో సగం అని చేత్తో పంచుకుంటూ పోయే మనుషుల లెక్క ఇది. పదితో భాగించడం కాగితం మీద తేలిక, గిన్నెతో కష్టం.

ఈ నాలుగుల లెక్కకి తెలుగు లిపిలో సొంత గుర్తులు కూడా ఉన్నాయి. పావు, అర, ముప్పావులకి నిలువు గీతలు: ౹ ౺ ౻. దాని తర్వాతి స్థానం పదహారో వంతు, మనం వీసం అనేది. దానికి అడ్డగీతలు: ౼ ౽ ౾. ఆ తర్వాత అరవై నాలుగో వంతుకి మళ్లీ నిలువు. పావూ రెండు వీసాలూ రాయాలంటే ౹౽. గీత నిలబడిందా పడుకుందా అన్నదాన్నిబట్టి స్థానం తెలుస్తుంది కాబట్టి చుక్క అక్కర్లేదు. 2008లో యూనికోడ్ 5.1లో వీటికి చోటు దొరికింది, తూము గుర్తుతో సహా. కోబాల్ వాళ్లు వి అని ఊహించుకున్నదాన్ని మన కరణాలు గీత దిశలో చూపించారు. చదవడం రానివాడికి ఇదీ పిచ్చిగీతే అనుకోండి.

కొలత ఒక్కటీ తెలిస్తే సరిపోదు. కొనేటప్పుడు గోపురంగా పోయించుకుని, అమ్మేటప్పుడు అంచుకి గీసి కొలిచే వ్యాపారి గురించి ఏజెన్సీలో పెద్దవాళ్లెవరినడిగినా చెప్తారు. రెండుసార్లూ చిట్టాలో పడేది "ఒక కుంచం" అనే. ఇలాంటి వ్యాపారుల నుంచి గిరిజనుల్ని కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థని పెట్టారు. కాఫీ దగ్గరికొస్తే ఇంకో చిక్కు. చెట్టునుంచి కోసిన పండు ఆరు కిలోలుంటే తయారైన పచ్చి గింజ సుమారు ఒక కిలో వస్తుంది. మధ్యలో పైతోలు తీసి కడిగి ఎండబెట్టిన దశని పార్చ్‌మెంట్ అంటారు, దాని బరువు వేరు, ధర వేరు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో కొట్టు కూడా ఉంది. అయినా ఇక్కడ చిట్టా పుస్తకంలో "60" అని ఉంటే, "దేని అరవై?" అని అడగాల్సిందే.

*

ఈ కొండల వరసలోనే, ఈశాన్యంగా పర్లాకిమిడి వైపు వెళ్తే సవరల ఊళ్లు. గిడుగు వెంకట రామమూర్తి పేరు వినగానే మనకి వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకుని, 1931లో దాని గురించి ఇంగ్లీషులో ఒక మాన్యువల్, 1938లో నిఘంటువు అచ్చువేయించారన్నది అంతగా గుర్తు చేసుకోం.

సవరల లెక్క మనలా పది దగ్గర ఆగి మళ్లీ మొదలవదు. పన్నెండు దాకా వెళ్తుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. పందొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవైకి వేరే మాట. ముప్పై రెండంటే ఇరవై, పన్నెండు. ముప్పై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. అంటే పన్నెండూ ఇరవై రెండూ కలిసి నడిచే లెక్క. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు, అందులో అంకెలకి కూడా సొంత రూపాలున్నాయి. 2012లో యూనికోడ్ 6.1లో అవి చేరాయి. ఆ లిపిలో అంకెలు పది. భాష ఒక పద్ధతిలో లెక్కపెడుతుంది, లిపి ఇంకో పద్ధతిలో రాస్తుంది.

సవర మనిషి తన భాషలో "పన్నెండూ ఏడు" అని ఆలోచించి, మన భాషలో "పందొమ్మిది" అని చెప్పి, మన గుమాస్తా రాసుకున్న 19ని నమ్మాలి. ఈ మార్పిడి పని ప్రతిసారీ అతనే చెయ్యాలి. ఆఫీసులో ఈ పనికి నాకు జీతమిస్తారు.

*

ఇక భూమి. ఆంధ్రలో ఎకరానికి వంద సెంట్లు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. రెండుచోట్లా కాగితం మీద మధ్యలో చుక్క పెట్టి రాస్తారు. 2.20 అని ఉంటే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు, తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఇక్కడ చుక్క కనిపిస్తూనే ఉంది, కానీ అది దశాంశ బిందువు కాదు. వేషం వేసుకున్న గీత. గుంటల్లో ఉన్న 2.30నీ 1.20నీ కలిపితే 4.10 రావాలి, అంటే నాలుగుంపావు ఎకరాలు. కంప్యూటర్‌కి వదిలేస్తే 3.50 అంటుంది. దాన్ని మూడున్నర అని చదివితే ముప్పావు ఎకరం గాలిలో కలిసిపోయింది. అరకు కొండ దిగి అటు ఒడిశాలోకి వెళ్తే గుంట అనే మాటే మళ్లీ వినిపిస్తుంది, అక్కడ ఎకరానికి ఇరవై అయిదు గుంటలు.

శీర్షిక లేని భూమి జాబితా చేతికొస్తే ఏం చేస్తాం? ఆఫీసులో చేసేదే. ఒక విలువని చూసి తేల్చం, నిలువు వరసంతా చూస్తాం. చుక్క తర్వాత ఎక్కడైనా 40 దాటితే అవి తెలంగాణ గుంటలు కావు. ఎక్కడా దాటకపోతే గుంటలు కావచ్చు, కానీ నాలుగు వరసలు చూసి ఆ మాట అనకూడదు. నాలుగొందల వరసలు కావాలి.

*

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్ల కిందట కాఫీ పండ్లు కోసే కాలంలో ఒకావిడ మా అమ్మ దగ్గరికి కాగితాలు పట్టుకొచ్చింది. అమ్మ ఆవిడ పిల్లలిద్దరికీ చదువు చెప్పింది. అటవీ హక్కుల చట్టం కింద ఆ ఊళ్లో పట్టాలొచ్చిన కుటుంబాల జాబితా అది, జిరాక్సుకి జిరాక్సు. ఆవిడ భర్త పేరు ఎదురుగా 1.20 అని ఉంది. ఏదో పథకానికి దరఖాస్తు పెట్టుకుంటే అక్కడి ఆఫీసులో ఆన్‌లైన్‌లో చూసి, "మీకున్నది ఎకరం ఇరవై సెంట్లే" అన్నారట. వాళ్లు మిరియాల తీగలు పాకించిన సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ వేసింది మూడెకరాల దగ్గర దగ్గర.

"పట్టా ఇచ్చినప్పుడు తాడు పట్టి కొలిచినారు బాబూ. నాను ఆ కొసన నిలుచున్నాను. ఇప్పుడు కొండ కుదించుకుపోనాదేటి?" అంది.

ఆవిడ కొడుకు అప్పటికే ఒక నిర్ణయానికొచ్చేశాడు. ఇచ్చేటప్పుడే తక్కువ రాసి మోసం చేశారని. మిగతాది అడవి భూమే, ఎప్పుడైనా లాక్కుంటారని. ఆ భయంతో పైభాగంలో కొత్త మొక్కలు వెయ్యడం మానేశారు. కాఫీ మొక్క పెడితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. తనది కాకపోవచ్చన్న నేలలో అన్నేళ్ల చాకిరీ ఎవరు పెడతారు? చుక్కకి అటూ ఇటూ ఉన్న మూడంకెలు ఒక చెట్ల వరసని ఆపేశాయి.

నేను ఆవిడ వరస పక్కనపెట్టి మిగతావి చూశాను. జాబితాలో 37 కుటుంబాలు. అన్నిటికంటే పెద్ద విలువ 3.64. ఏ ఒక్కటీ 4 దాటలేదు. ఆ చట్టంలో ఒక కుటుంబానికి ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి నాలుగు హెక్టార్లు. ఎకరాల్లో రాస్తే ఆ హద్దు 9.88 దగ్గర ఉండాలి. ఊళ్లో పెద్ద కమతం ఎవరిదని అడిగితే ఇద్దరి పేర్లు చెప్పారు, వాళ్లలో ఒకాయనకి ఎనిమిదెకరాల వాలు ఉందని ఊరందరికీ తెలుసు. ఆయన పేరెదుట 3.20. హెక్టారుకి 2.47 ఎకరాల లెక్కన అది 7.90. ఆవిడ 1.20ని అలాగే హెచ్చిస్తే రెండెకరాల తొంభై ఆరు సెంట్లు. తాడు సరిగ్గానే కొలిచింది.

అనుమానం బలపడింది, రుజువు కాలేదు. అమ్మ నాలుగిళ్లు తిరిగితే ఒకరి ట్రంకు పెట్టెలో జాబితా మొదటి పేజీ దొరికింది. శీర్షిక ఆ ఒక్క పేజీ మీదే అచ్చయింది. నిలువు వరస పైన "విస్తీర్ణం", దాని కింద చిన్న అక్షరాల్లో "హె." అని. ఎవరి పేరు ఏ పేజీలో ఉంటే ఆ పేజీ మాత్రమే జిరాక్సు తీసి పంచిపెట్టారు. కాపీబుక్ ఒకరి పెట్టెలో, ఫైలు ముప్పై ఏడు ఇళ్లలో. ఆ మధ్యలో ఎవరో ఆ అంకెల్ని చూసి, ఎకరాలు అని శీర్షిక ఉన్న తెరమీద ఎక్కించేశారు. ఎక్కించినవాళ్లకి దురుద్దేశం ఉందని నేననుకోను. ఆంధ్రలో భూమి కాగితం మీద చుక్క ఉంటే ఎకరాలూ సెంట్లే, ఎవరైనా అలాగే చదువుతారు. ప్యాక్ చేసిన 40ని ఖాళీ జాగా అనుకున్న ప్రోగ్రాము లాగే, తనకి తెలిసిన అక్షరమాలలో చక్కగా చదివారు. నాలుగొందలు రెండొందలైనట్టు మూడెకరాలు ఎకరం చిల్లర అయింది. ఎర్రర్ రాలేదు.

*

విమర్శకులు పాఠకుడి స్వేచ్ఛ గురించి మాట్లాడుకుంటున్న కాలంలో పెరిగినవాణ్ణి నేను. పాఠం రచయిత చేతుల్లోంచి వెళ్లిపోయాక దాని అర్థం చదివేవాడిదే అన్న వాదన నాకు ఇప్పటికీ కథల విషయంలో నచ్చుతుంది. కానీ ఆ 1.20ని ముందు పెట్టుకున్నప్పుడు నాకు ఆ స్వేచ్ఛ అక్కర్లేకపోయింది. రాసినవాడు ఏమనుకుని రాశాడన్నది ఒక్కటే కావాలి. ఎందుకంటే ఆ పాఠాన్ని చదివేవాళ్లందరూ సమానం కాదు. ఆఫీసు తెరమీద ఉన్న పఠనమే చెల్లుతుంది. కొసన తాడు పట్టుకున్న మనిషి పఠనం చెల్లదు. బహుళార్థాలు ఉన్నచోట బలమున్నవాడి అర్థం గెలుస్తుందని నాకు ఏ సిద్ధాంత గ్రంథమూ ఇంత తేటగా చెప్పలేదు.

మా ఆఫీసులో ఫైళ్లకి ఈ సమస్య వస్తే ఒక పరిష్కారం ఉంది. వివరణని డేటాతోపాటే, అదే ఫైల్లో పంపాలి. శీర్షిక మొదటి పేజీకే పరిమితం కాకూడదు. ప్రమాణం, గుర్తు, చుక్క స్థానం ప్రతి విలువకీ అంటిపెట్టుకుని ఉండాలి. దీనికి ఎక్కువ చోటు పడుతుంది. పంచ్ కార్డుల కాలంలో ఆ ఒక్క గడీ దొరకలేదు. ఇప్పుడు చోటుకి కొదవలేదు. ఫోన్లో తీసిన ఒక్క ఫొటో పట్టేంత జాగాలో ఆ ఊరి భూమి లెక్కలన్నీ శీర్షికలతో సహా పడతాయి.

సవరించమని మేం రాసిన దరఖాస్తుకి రసీదు వచ్చింది. దాని మీద ఒక పొడవాటి నంబరు ఉంది, అందులో ఏ అంకె జిల్లాదో ఏ అంకె సంవత్సరమో ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో ఇవాళ్టికీ ఎకరం ఇరవై సెంట్లే చూపిస్తోంది. ఆవిడ మాత్రం మొన్న వానాకాలంలో పైభాగంలో మొక్కలు వేయించింది. కొడుకు ఒప్పుకోలేదట, తనే కూలి ఇచ్చి వేయించింది. "మొదటి కాగితం మా దగ్గరుంది కదా" అందట అమ్మతో.

ఆ మొదటి పేజీని అమ్మ 37 జిరాక్సులు తీయించి ఇంటికొకటి పంచింది. పంచేటప్పుడు ఊరికే ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, రెండో కాగితంలో వాళ్ల పేరెదుట ఉన్న అంకె పక్కన వాళ్ల చేతే "హెక్టార్లు" అని రాయించింది. కొందరికి టవత్తు దగ్గర చెయ్యి తిరగలేదు. మళ్లీ రాయించింది.